మా గృహ కూడిక సభ్యులకు కృతజ్ఞతలు

ప్రభువైన యేసుక్రీస్తు నామమున సంఘస్థులందరికీ వందనములు.

నా భార్య శస్త్రచికిత్స సమయంలోను, ఆ తరువాత నెలల తరబడి సాగిన చికిత్స కాలంలోను మా కుటుంబాన్ని ఆదుకున్న గృహ కూడిక (సంఘస్థులు కొద్దిమంది ప్రతివారం ఒక ఇంట్లో చేరే ప్రార్థన గుంపు) సభ్యులకు, ఆ కూడికను నడిపిస్తున్న దంపతులకు, మన సంఘ కాపరి (పాస్టర్) గారికి మా ఇంటిల్లిపాది పక్షాన కృతజ్ఞతలు తెలియజేస్తున్నాను. పేర్లు రాయవద్దని వారు గట్టిగా చెప్పినందున రాయడం లేదు.

ఆదివారపు ఆరాధనలో మా కోసం ప్రార్థించిన వారందరికీ మేము ఋణపడి ఉన్నాము. అయితే ఆసుపత్రిలో రాత్రిపూట ఎవరు తోడుండాలి, పిల్లలను బడి నుండి ఎవరు తీసుకురావాలి, బీమా కాగితాలు ఎవరు నింపాలి అన్న చిక్కులు మేము నోరు తెరిచి అడగకముందే తీరిపోయాయంటే, అందుకు కారణం ప్రతివారం ఒకే గదిలో కూర్చుని ఒకరి సంగతులు ఒకరు వింటూ వచ్చిన ఆ కొద్దిమందే. వచ్చేపోయేవారితో నా భార్య అలసిపోతున్నదని గ్రహించిన ఒక సహోదరి, పరామర్శకు రాదలచినవారికి ఎవరి మనసూ నొప్పించకుండా వంతులు ఏర్పాటు చేశారు. రోగి ఉన్న ఇంట్లో అది ఎంతటి ఉపకారమో అనుభవించినవారికే తెలుస్తుంది. స్వస్థత ఆలస్యమవుతున్నకొద్దీ నాలో లేచిన సందేహాలను మరొక సహోదరుడు, వెంటనే వాక్యాలు అప్పజెప్పకుండా, చివరిదాకా విన్నారు.

ఆదిమ సంఘం దేవాలయంలోను ఇంటింటా కూడా కూడుకునేదని అపొస్తలుల కార్యములు రెండవ అధ్యాయంలో చదువుతాము. 1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో మెథడిస్టు క్రైస్తవ ఉద్యమానికి చెందినవారు తమ కట్టడపు అప్పు తీర్చడానికి సభ్యులను పన్నెండుమంది చొప్పున విభజించి, వారం వారం మనిషికొక పెన్నీ వసూలు చేసే బాధ్యతను ప్రతి గుంపులో ఒకరికి అప్పగించారు. డబ్బు కోసం ఇళ్లకు వెళ్లినవారికి ఆ ఇళ్లలోని కష్టసుఖాలు తెలియసాగాయి. ఆ ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ ఆ ఏర్పాటునే ఆత్మీయ సంరక్షణకు పద్ధతిగా మలిచారు. కూడిక మరొక ప్రసంగ వేదికగా మారితే మాత్రం ఈ మేలు జరగదని నా అభిప్రాయం. మా కూడికలో ప్రసంగం కంటే ప్రార్థన మనవులకే ఎక్కువ సమయం ఇస్తారు గనుకనే మా పరిస్థితి వారికి ముందే తెలిసింది.

దేవుని కృపవలన నా భార్య కోలుకున్నది. సభ్యులు పెరిగినందున మా కూడిక త్వరలో రెండుగా విడిపోనున్నది. రెండవ దానికి మా ఇంటిని ఇస్తామని కాపరి గారికి తెలియజేశాము. ఇంతవరకు ఏ కూడికలోను చేరనివారు మాతో కలవవలసిందిగా కోరుతున్నాము.