వీరుల బొమ్మలు చిల్లర మీదకి రావాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

బిర్సా ముండా పేరుతో 150 రూపాయల నాణెం, అహల్యాబాయి హోల్కర్ పేరుతో 300 రూపాయల నాణెం, ఇలా గుర్తుగా దాచుకునే నాణేలు వరసపెట్టి వస్తున్నాయి. సంతోషమే. కానీ మన జిల్లాలో వాటిని చేత్తో పట్టుకుని చూసినవాళ్లు ఎంతమంది? 2023లో ఎన్టీఆర్ నాణేనికే చూశాం కదా, దాని మీదున్నది వంద, కొనాలంటే నాలుగు వేల పైమాటే, హైదరాబాద్‌లో నాణేలు తయారుచేసే మింట్ దగ్గర జనం క్యూ కట్టారు కూడా. సగం వెండి కాబట్టి ఆ రేటు, సరే, దాచుకునేవాళ్ల సరదా వాళ్లది.

నేనడిగేది మామూలు బిళ్ళల సంగతి. 1999లో శివాజీ బొమ్మతో రెండు రూపాయల బిళ్ళ వచ్చింది, పదకొండు పలకలది, బస్సులో కండక్టర్ ఇచ్చే చిల్లరలోనే చేతికొచ్చేది. వీరుడి బొమ్మ పిల్లల కంట పడాలంటే దారి అదే. ఇప్పుడేమో పది రూపాయల బిళ్ళ ఇస్తే టీకొట్టు దగ్గర "చెల్లదు అబ్బయ్యా" అంటారు. ఏడాదికో కొత్త బొమ్మ వేస్తారు గానీ ఇది అసలుదేనని చెప్పేవాళ్లుండరు, జనానికి అనుమానం రాక ఏం చేస్తుంది! 14 రకాల డిజైన్లూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలోనే ప్రకటించింది, ఆ మాట మా ఆత్మకూరు దాకా రాలేదు.

గెలుపుని నాణెం మీద వేయడం మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. 1514లో కృష్ణదేవరాయలు ఒడిశా గజపతుల నుంచి ఉదయగిరి కోట గెలిచి, అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకెళ్లాడు, దానికి గుర్తుగానే బాలకృష్ణుడి బొమ్మతో బంగారు వరహాలు కొట్టించాడంటారు. గెలిచింది ఆయన, బొమ్మ మాత్రం పిల్లాడిది, ఇప్పటి నాయకులు గమనించాలి.

మన ఎంపీలు ఆర్థిక శాఖకి రాసి ఖడ్గతిక్కన పేరుతో ఒక పది రూపాయల బిళ్ళ అడగొచ్చు. నెల్లూరు రాజు మనుమసిద్ధి తరఫున కత్తి పట్టిన మన మనిషి. అయితే పశువుల మేత, దాని మీద వేసే పన్ను పుల్లరి దగ్గర పుట్టిన ఆ గొడవలో అవతలివైపు కాటమరాజు ఉన్నాడు, ఆయనా మనవాడే, కథ చెప్పేవాళ్లకి దేవుడితో సమానం. ఒకరిని వేసి ఒకరిని వదిలేస్తే ఊళ్లలో ఊరుకోరు, ఒక పక్క ఎటూ సింహాల గుర్తే ఉంటుంది కాబట్టి రెండో పక్కన ఇద్దరినీ వేయాల్సిందే. విడుదలైన రోజున బ్యాంకులు, ఆర్టీసీ డిపోలు ఆ బిళ్ళ బొమ్మని గోడకి అంటించాలి, మీ పత్రికలో కూడా రెండు వైపులా అచ్చేయండి.

- ఒక పాఠకుడు, ఆత్మకూరు, నెల్లూరు జిల్లా