గ్రహాంతరవాసుల సంగతి అడిగిన తల్లిదండ్రులకు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

దసరా సెలవులకు ముందు మన సైన్సు క్లబ్బుకు నల్గొండ నుంచి ఒక హామ్ రేడియో ఆపరేటరు, అంటే లైసెన్సు తీసుకుని సరదాగా సొంత రేడియోలో ఇతరులతో మాట్లాడే వ్యక్తి, వచ్చి వెళ్లారు. మర్నాటి నుంచి నాకు ఫోన్లు మొదలయ్యాయి. "మేడం, వేరే గ్రహం నుంచి రేడియోలో జవాబులు వస్తున్నాయట, బడిలో ఇవేనా చెప్పేది?" అని ఒకరు. "ఇది ఎఫ్.ఎ. పరీక్షలో వస్తుందా?" అని ఇంకొకరు. రెండో ప్రశ్నకు జవాబు చిన్నది: రాదు. మొదటిదానికి మాత్రం వివరంగా రాయాలి. పిల్లలు ఇంటికి మోసుకొచ్చిన మాటలో సగం నిజమే: పంపిన రేడియో సంకేతమే కొన్ని సెకన్ల ఆలస్యంగా ప్రతిధ్వనిలా మళ్లీ వినపడిన సందర్భాలున్నాయి.

1927లో నార్వేలోని ఓస్లో దగ్గర యోర్గెన్ హాల్స్ అనే ఇంజనీరు, నెదర్లాండ్స్‌లోని ఐంధోవెన్ నుంచి ప్రసారమయ్యే ఫిలిప్స్ కంపెనీ షార్ట్‌వేవ్ (చాలా దూరం వినిపించే రేడియో) కేంద్రాన్ని వింటున్నారు. సంకేతం వినిపించిన సెకనులో ఏడో వంతుకు అదే మళ్లీ వినిపించింది. అందులో వింత లేదు. రేడియో తరంగం భూమిని ఒక చుట్టు చుట్టి రావడానికి దాదాపు అంతే పడుతుంది. కానీ సుమారు మూడు సెకన్లకు, బలహీనంగా, ఇంకోసారి వినిపించింది. ధ్రువాల దగ్గర ఆకాశంలో కనిపించే ధ్రువకాంతుల మీద పరిశోధిస్తున్న నార్వే శాస్త్రవేత్త కార్ల్ స్టోర్మర్‌కు ఆయన ఈ సంగతి తెలియజేశారు. నెలల తరబడి ప్రయత్నించాక 1928 అక్టోబరు 11న స్టోర్మర్ కూడా తన చెవులతో విన్నారు. అదే రోజు ఐంధోవెన్‌లో ఫిలిప్స్ శాస్త్రవేత్త వాన్ డెర్ పోల్ విని, ఎన్నెన్ని సెకన్ల ఆలస్యమో వరుసగా రాసి పంపారు: 8, 11, 15, 8, 13, 3, 8, 8, 8, 12, 15, 13, 8, 8.

ఈ అంకెలు బోర్డు మీద పెట్టి మన తొమ్మిదో తరగతి పిల్లలు లెక్క కట్టారు. రేడియో తరంగం వేగం సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు. 8 సెకన్లంటే 24 లక్షలు. పోను సగం, రాను సగం అనుకుంటే 12 లక్షల కిలోమీటర్ల దూరంలో దేనికో తగిలి తిరిగి రావాలి. చంద్రుడున్నదే సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరంలో. అక్కడికి పంపిన సంకేతం రెండున్నర సెకన్లకే తిరిగొస్తుందని 1946లో అమెరికా సైన్యపు ఇంజనీర్లు చేసి చూపించారు. చంద్రుడికి మూడింతల దూరంలో అలా తిప్పి పంపే వస్తువేదీ లేదు. పోనీ ఉందనుకుందాం. దేవరకొండ కోట గుట్ట ఎదుట ఒకేచోట నిలబడి ఎన్నిసార్లు కేక వేసినా ప్రతిధ్వని అంతే సమయానికి వస్తుంది, గుట్ట జరగదు కదా. ఇక్కడ 15 తరువాత 8, ఆ తరువాత 13. "అయితే అది దూరం పోయి రావడం లేదు సార్, దారిలో ఎక్కడో ఆగుతోంది" అని ఒక అమ్మాయి సైన్సు సారుతో అంది. శాస్త్రవేత్తలు ఎక్కువగా వెతికిన దారి కూడా అదే. ఆ పూట ఇంకేమీ జరగకపోయినా నాకు సంతోషమే.

భూమి పైన అయనావరణం (విద్యుదావేశ కణాలుండే పై గాలి పొర), దానికీ పైన భూమి అయస్కాంత క్షేత్రం ఏలుబడిలో ఉండే ప్రాంతం ఉన్నాయి. అక్కడి విద్యుదావేశ కణాల మధ్య కొన్ని పౌనఃపున్యాల (ఫ్రీక్వెన్సీల) తరంగాలు బాగా నెమ్మదిస్తాయి. అయస్కాంత రేఖల వెంట ఉత్తరార్ధగోళం నుంచి దక్షిణానికి, అక్కడి నుంచి వెనక్కి తిరుగుతూ చిక్కుకుపోతాయి కూడా. రేడియో తరంగం ఆ కణాల్లోనే కదిలే ప్లాస్మా తరంగంగా మారి, కొంతసేపటికి మళ్లీ రేడియో తరంగమవుతుందని మరో వివరణ ఉంది. ఒక్కో వివరణ కొన్నింటికి సరిపోతుంది, అన్నింటికీ సరిపోయేది ఇంకా లేదు. పైగా ఈ ప్రతిధ్వనులు పిలిస్తే రావు. హామ్‌లు అప్పుడప్పుడూ అనుకోకుండా వింటారు, మళ్లీ వినాలని కూర్చుంటే వినపడవు. ఎవరో తుంటరి రికార్డు చేసి తిరిగి వదిలినవీ ఉండవచ్చు. ఈ రోజుల్లో ఇంటర్నెట్ ద్వారా వినే రిసీవర్లే కొన్ని సెకన్లు ఆలస్యం చేస్తాయి, అది ప్రతిధ్వని కాదు.

ఇక గ్రహాంతరవాసులు. 1960లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త రొనాల్డ్ బ్రేస్‌వెల్, దూరపు నాగరికతలేవైనా మన దగ్గరికి పరికరాన్ని పంపి ఉంటే అది మన సంకేతాలనే మనకు తిప్పి పంపవచ్చని ఊహించారు. అది ఊహే. 1973లో స్కాట్లండ్‌కు చెందిన డంకన్ లునన్, పాత ఆలస్యాల అంకెలను గ్రాఫు మీద పెట్టి, అవి స్వాతి నక్షత్రమున్న భూతేశ మండలం పటంలా ఉన్నాయన్నారు. తరువాత ఆయనే ఆ వాదనను వెనక్కి తీసుకున్నారు. మీ పిల్లలు ఫోనులో చూసిన వీడియోలో ఈ చివరి సంగతి లేదు. దయచేసి మీరు చెప్పండి.

హామ్ రేడియో వల్ల లాభమేమిటని కూడా కొందరు అడిగారు. 2004 సునామీలో అండమాన్‌లో సమాచార సంబంధాలు తెగిపోయినప్పుడు అక్కడున్న హామ్‌లే కబుర్లు చేరవేశారు. 12 ఏళ్లు నిండినవారు కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖ పరీక్ష రాసి లైసెన్సు పొందవచ్చు. లైసెన్సు లేకుండా ప్రసారం చేయడం నేరం, కాబట్టి క్లబ్బులో పిల్లలు వినడం మాత్రమే నేర్చుకుంటారు. విన్నదాన్ని సమయం, పౌనఃపున్యం, కేంద్రం పేరుతో నోటుపుస్తకంలో రాయాలి. "వింతగా ఉంది" అని రాస్తే సైన్సు సారు ఒప్పుకోరు.

అటక మీద పాత షార్ట్‌వేవ్ రేడియో ఉంటే పిల్లల చేతికిచ్చి పంపండి. మోగకపోయినా ఫర్వాలేదు. లోపలి బ్యాటరీలు మాత్రం తీసేయండి, కారి ఉంటే పిల్లల సంచులు పాడవుతాయి. ఎఫ్.ఎ. పరీక్షల తేదీలు వెనుక పేజీలో ఉన్నాయి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు