పేరు చూసి కొనకు శీనూ

ఫ్రిస్కో, టెక్సస్
ఆదివారం, ఫిబ్రవరి 8, 2026

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్లో "కొత్త టండ్రా పికప్ ట్రక్కు బుక్ చేసేస్తున్నానురా, టయోటా అయితే కళ్లు మూసుకుని కొనొచ్చు కదా" అన్నావు. నేను మీటింగులో ఉండి రాత్రికి మాట్లాడతానన్నాను. నేను చేసేసరికి మీ న్యూజెర్సీలో పదకొండు దాటింది, నువ్వు పడుకున్నావు. ఇది ఫోన్లో తేలే సంగతి కాదు. ఇంట్లో అందరూ గుడికి వెళ్లారు, కాఫీ కలుపుకుని తీరిగ్గా కూర్చున్నాను. ఇది పూర్తిగా చదివేదాకా ఆ డీలరుకి అడ్వాన్సు మాత్రం కట్టకు.

ఇక్కడ టెక్సస్‌లో బోన్‌హామ్ దగ్గర ఆరెకరాలు కొన్నావంటే నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. హాస్టల్ డాబా మీద పడుకుని నువ్వన్న మాట ఇంకా గుర్తుంది, ఎక్కడున్నా కాస్త నేల ఉండాలిరా అని. ఆ నేలకి బండి కావాలి, నిజమే. కానీ 60 వేల డాలర్లు పోసి కొనేది నాలుగు రోజులకే షెడ్డుకి చేరితే మనసు ఎంత కష్టపడుతుందో నాకు తెలుసు.

మనవాళ్లకి టయోటా అంటే అంత గురి ఎందుకో కూడా తెలుసు. ఈ దేశం వచ్చిన కొత్తలో అందరం కొన్నవి పాత కేమ్రీలు, కరోలాలే. నా మొదటి కరోలాకి ఆయిల్ మార్చడం, పెట్రోలు పోయడం తప్ప నేను చేసిందేమీ లేదు. పాత టండ్రా కూడా ఆ కోవదే. 2007 నుంచి 2021 దాకా దాంట్లో 5.7 లీటర్ల వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ పెట్టారు. గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి తోసే టర్బోలు లేవు, సిలిండర్లను మధ్యలో ఆపే ఏర్పాట్లు లేవు. లూసియానాలో ఒకాయన 2007 టండ్రాని 2016 నాటికి పది లక్షల మైళ్లు తిప్పాడు, అదే ఇంజిన్, అదే గేర్‌బాక్స్. కంపెనీవాళ్లే ఆ బండిని తీసుకెళ్లి విప్పి చూసుకుని, ఆయనకి కొత్తది ఇచ్చారు.

కానీ నువ్వు బుక్ చేస్తానంటున్నది ఆ బండి కాదురా. 2022లో వీ8 తీసేసి, రెండు టర్బోలున్న 3.4 లీటర్ల ఆరు సిలిండర్ల వీ6 పెట్టారు. పేరు అదే, బ్యాడ్జీ అదే, శాన్ ఆంటోనియోలో బిగించే ఫ్యాక్టరీ కూడా అదే. ఇంజిన్ మాత్రం వేరు. 2024 మేలో సుమారు 1,02,000 బండ్లను రీకాల్ చేశారు, అంటే లోపం సరిచేయడానికి వెనక్కి పిలిచారు. తయారీలో లోహపు రజను ఇంజిన్ లోపల మిగిలిపోయిందట. అది మెయిన్ బేరింగుల్లో చేరితే ఇంజిన్ కొట్టుకుంటుంది, నడుస్తూ నడుస్తూ ఆగిపోతుంది. 2025 నవంబరులో మరో 1,27,000 బండ్లు ఆ జాబితాలో చేరాయి, ఈసారి 2024 మోడళ్ల దాకా. మొదటి రీకాల్లో ఇంజిన్ మొత్తం మార్చి ఇచ్చారు, కాదనను. కానీ హైవే మీద ట్రైలర్ తగిలించుకుని వెళ్తున్నప్పుడు ఇంజిన్ ఆగిపోతే, తర్వాత ఉచితంగా మారుస్తారన్న మాట ఆ నిమిషంలో ఏం ఆదుకుంటుంది?

"అయితే సిల్వరాడో కొంటా" అంటావు. దాని కథా వినాలి. జనరల్ మోటార్స్ వాళ్ల షెవీ సిల్వరాడోలో, దాని అన్నలాంటి జీఎంసీ సియెరాలో 6.2 లీటర్ల వీ8 ఉంటుంది. తొక్కితే ఆ లాగుడే వేరు. 2025 ఏప్రిల్లో అమెరికాలోనే దాదాపు 6 లక్షల బండ్లని ఆ ఇంజిన్ కోసం రీకాల్ చేశారు, 2021 నుంచి 2024 దాకా వచ్చినవి. క్రాంక్‌షాఫ్టులో, కనెక్టింగ్ రాడ్లలో తయారీ లోపం. పరీక్షలో చెడిపోయినట్టు తేలితే బాగుచేస్తారు, అవసరమైతే ఇంజిన్ మారుస్తారు. తేలకపోతే పలచటి జీరో డబ్ల్యూ 20 ఆయిల్ తీసేసి చిక్కటి జీరో డబ్ల్యూ 40 పోసి పంపుతారు. దానికి తోడు 10 ఏళ్లు లేదా 1,50,000 మైళ్ల దాకా ప్రత్యేక వారంటీ ఇచ్చారు. వారంటీ మంచిదే. ఆయిల్ మార్చి పంపిన బండిలో కూర్చుని నేనైతే ధైర్యంగా ట్రైలర్ లాగలేను.

వాళ్ల 5.3 లీటర్ల ఇంజిన్ ఆ రీకాల్లో లేదు, దాని బాధ వేరు. పెట్రోలు ఆదా కోసం, బరువు లేనప్పుడు కొన్ని సిలిండర్లను పడుకోబెట్టే ఏర్పాటు దాంట్లో ఉంది, 2007 నుంచి ఒకరకం, 2019 నుంచి ఇంకోరకం. కామ్‌షాఫ్ట్ కదలికని వాల్వుకి అందించే చిన్న ముక్కని లిఫ్టర్ అంటారు. దాని లోపలి పిన్నుని ఆయిల్ ప్రెషరుతో తోసి సిలిండర్‌ని ఆపుతారు, మళ్లీ కలుపుతారు. రోజంతా ఇదే పని. ఆ పిన్ను ఇరుక్కుందంటే ముందు టిక్ టిక్‌మని చప్పుడు, తర్వాత చెక్ ఇంజిన్ లైటు. పట్టించుకోకుండా నడిపితే కామ్‌షాఫ్టే అరిగిపోతుంది. ముక్క చిన్నదే, కానీ దాన్ని మార్చాలంటే ఇంజిన్ పై భాగమంతా విప్పాలి. అందరికీ వస్తుందని కాదు. చాలామంది 2 లక్షల మైళ్లు హాయిగా తిప్పారు. పాత బండి కొనేవాడికి మాత్రం ఆ చప్పుడు చెవికి తెలిసి ఉండాలి.

రామ్ కంపెనీ ట్రక్కు గురించి పొడుగ్గా రాయను. లోపల కూర్చుంటే అన్నిటికంటే సుఖంగా ఉండేది అదే. వాళ్ల 5.7 లీటర్ల హెమీ అనే వీ8 ఇంజిన్‌కి కూడా ఒక టిక్ చప్పుడు ప్రసిద్ధి. కొన్నిటిలో ఎగ్జాస్ట్ బోల్టు విరగడం వల్ల, కొన్నిటిలో లిఫ్టర్ వల్ల. బోల్టు అయితే చిన్న ఖర్చు, లిఫ్టర్ అయితే పెద్దది. 2025లో హెమీని తీసేసి ఆరు సిలిండర్ల ట్విన్ టర్బో పెట్టారు, జనం గోల చేస్తే 2026కి హెమీని వెనక్కి తెచ్చారు. కొత్త బండికి 10 ఏళ్లు, లక్ష మైళ్ల పవర్‌ట్రెయిన్ (ఇంజిన్, గేర్‌బాక్స్) వారంటీ ఇస్తున్నారు. కొత్తదే కొంటానని నువ్వు పట్టుబడితే ఆ వారంటీని లెక్కలోకి తీసుకోవాల్సిందే. స్ప్రింగుల బదులు గాలి సంచులుండే ఎయిర్ సస్పెన్షన్ బండి మాత్రం పొలానికి వద్దు.

ఇక ఫోర్డ్ ఎఫ్-150. 1977 నుంచి అమెరికాలో ట్రక్కుల అమ్మకాల్లో ఎఫ్ సిరీస్‌దే మొదటి స్థానం, అందుకే దాని మీద మంచీ చెడూ రెండూ ఎక్కువ వినిపిస్తాయి. ఒకే మోడల్లో నాలుగైదు రకాల ఇంజిన్లు దొరుకుతాయి. 2004 తర్వాతి 5.4 ట్రైటన్ ఇంజిన్ జోలికి పోకు. స్పార్క్ ప్లగ్గులు తీస్తుంటేనే లోపల విరిగేవి. 2017 నుంచి 2020 దాకా వచ్చిన 3.5 ఎకోబూస్టు ఇంజిన్లు చాలావాటిలో పొద్దున స్టార్ట్ చేయగానే రెండు క్షణాలు గిలక్కాయలాంటి చప్పుడు వస్తుంది, వాల్వులు తెరుచుకునే సమయాన్ని సర్దే కామ్ ఫేజర్లది. 5.0 లీటర్ల వీ8 నాకు నచ్చిన ఇంజిన్. 2018 తర్వాత కొన్ని ఆయిల్ తాగుతున్నాయని ఫిర్యాదులొస్తే కంపెనీ కంప్యూటర్ ప్రోగ్రాం మార్చి, ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ కూడా మార్చింది. నెలకోసారి ఆయిల్ చూసుకునే అలవాటున్న వాడికి అది మంచి బండే.

ఒక సంగతి తెలిస్తే నువ్వు ఆశ్చర్యపోతావు. ఫోర్డ్ గొప్పా, షెవీ గొప్పా అని ఇక్కడ తాతల కాలం నుంచి కొట్టుకుంటారు కదా, వాటిలో ఉన్న 10 గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ని ఫోర్డూ, షెవీని చేసే జనరల్ మోటార్సూ కలిసి డిజైన్ చేశాయి! ఇంక బ్యాడ్జీ చూసి ఎలా తేల్చుకుంటాం? ఏ ఇంజిన్, ఏ సంవత్సరం, ఎవరి చేతిలో తిరిగింది, ఈ మూడే అడగాలి. సర్వేల ర్యాంకులు కూడా అలాగే చూడు. బండ్ల నాణ్యత మీద సర్వేలు చేసే జేడీ పవర్ వాళ్ల ఇనీషియల్ క్వాలిటీ అనేది మొదటి 90 రోజుల లెక్క. డిపెండబిలిటీ అనేది మూడేళ్ల బండి లెక్క. దాంట్లో ఫోన్ బ్లూటూత్‌కి కలవకపోవడమూ ఒక సమస్యే, గేర్‌బాక్స్ పోవడమూ ఒక సమస్యే. నువ్వు పదిహేనేళ్లు ఉంచుకునే బండికి అది సరిపోదు.

ఇదంతా నాకు ఊరికే రాలేదురా. 2019 జూన్‌లో నాన్నగారు నరసరావుపేట నుంచి వచ్చినప్పుడు జరిగింది నీకు పూర్తిగా చెప్పలేదు. అప్పుడు నా దగ్గరున్న ట్రక్కు ఏ కంపెనీదో ఇక్కడ రాయను, అది ఈ కథకి అక్కర్లేదు. 90 వేల మైళ్లు తిరిగినది, రంగు బాగుంది, సీట్లు బాగున్నాయి, సర్వీసు కాగితాలు అడగకుండా కొనేశాను. ఒక మిత్రుడి చిన్న ట్రాక్టర్‌ని ట్రైలర్ మీద పెట్టుకుని 75 హైవే మీద షెర్మన్ దాటుతున్నాం. బయట నలభై డిగ్రీలు. ఉన్నట్టుండి ఇంజిన్ గట్టిగా అరుస్తోంది, ఆర్‌పీఎం ముల్లు 4,500కి పోయింది, బండి వేగం మాత్రం పడిపోతోంది. పక్కన లారీలు దూసుకుపోతున్నాయి. ఎలాగో అంచుకి తీసి ఆపాను. టోయింగ్ బండి రావడానికి మూడు గంటలు. డెబ్భై ఏళ్ల మనిషి ఆ ఎండలో గడ్డి మీద చేతిరుమాలు పరుచుకుని కూర్చున్నారు.

షెడ్డులో మెకానిక్ గేర్‌బాక్స్ ఆయిల్ రెండు చుక్కలు తెల్ల కాగితం మీద వేశాడు. ఎర్రగా ఉండాల్సింది కాఫీ డికాషన్‌లా ఉంది. నాన్నగారు ఆ కాగితం తీసుకుని వాసన చూశారు. "కాలిపోయిందిరా. ఎవరో దీన్ని బరువులకి బాగా లాగించి నీకు అమ్మారు" అన్నారు. కాసేపాగి, "సంతలో ఎద్దుని కొంటే పళ్లు చూస్తాం, నడిపించి చూస్తాం, అరక కట్టి చూస్తాం. నువ్వు రంగు చూసి కొన్నావు" అన్నారు. 6,200 డాలర్ల బిల్లు కంటే ఆ మాట నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆయన పోయి రెండేళ్లయింది, ఏ బండి చూసినా ఆ కాగితమే కళ్ల ముందుకొస్తుంది.

బరువు గురించి కూడా జాగ్రత్తగా విను. 275 గ్యాలన్ల నీళ్ల ట్యాంకు వెనకాల పెట్టుకుని గోంగూర మళ్లకి నీళ్లు తోలతానన్నావు. గ్యాలన్ నీళ్లు 8.34 పౌండ్లు. అంటే నీళ్లే దాదాపు 2,300 పౌండ్లు, ట్యాంకు బరువు వేరే. డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభానికి ఒక స్టిక్కర్ ఉంటుంది, మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌండ్లు మించకూడదని. ఎఫ్-150, టండ్రా లాంటి నాలుగు తలుపుల హాఫ్ టన్ బండికి అది సుమారు 1,400 నుంచి 1,900 మధ్య ఉంటుంది. పైగా 6,000 పౌండ్ల ట్రైలర్ తగిలిస్తే దాంట్లో పదో వంతు నుంచి పదిహేను శాతం దాకా బండి వెనక కొక్కెం మీదే పడుతుంది, అదీ ఆ లెక్కలోదే. డీలరు 11 వేల పౌండ్లు లాగుతుందని చెప్తాడు, ఈ స్టిక్కర్ సంగతి చెప్పడు. నీళ్లని ట్రైలర్ మీదే పెట్టు, లేదా సగం ట్యాంకే నింపు. ఏ కంపెనీ బండైనా నెలల తరబడి మోయకూడని బరువు మోస్తే గేర్‌బాక్స్ నా బండిలాగే అవుతుంది.

నన్నడిగితే 2020 లేదా 2021 టండ్రా, 5.7 వీ8. దొరక్కపోతే 2021 తర్వాతి ఎఫ్-150, 5.0 వీ8. టండ్రాకీ లోపాలున్నాయి. పొగ శుభ్రత కోసం గాలి తోసే ఎయిర్ ఇంజెక్షన్ పంపు పోతుంది, ఇంజిన్ పైన కామ్‌షాఫ్టులుండే కామ్ టవర్ దగ్గర ఆయిల్ చెమరుస్తుంది. అవి ఖర్చులే కానీ చాలావరకు రోడ్డు మధ్యలో నిలబెట్టే రకాలు కావు. గ్యాలన్‌కి 15 మైళ్లే ఇస్తుందని భయపడతావేమో. కొత్తది 20 ఇస్తుందనుకో. ఏడాదికి 10 వేల మైళ్లు తిప్పితే తేడా 170 గ్యాలన్లు కూడా ఉండదు. గ్యాలన్ 3 డాలర్లు వేసుకున్నా 500 డాలర్లు. నా ఒక్క బిల్లుకి పన్నెండేళ్ల తేడా పూడిపోతుంది.

అక్కడ న్యూజెర్సీలో మాత్రం కొని తోలుకురాకు. చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుకి కింది ఫ్రేము తుప్పు పడుతుంది. పాత టండ్రాల ఫ్రేముల తుప్పు మీద టయోటా రీకాల్ చేసింది, కోర్టు కేసు రాజీ కూడా చేసుకుంది. టెక్సస్ బండే కొనాలి, అదీ కింద పడుకుని టార్చి వేసి చూశాకే.

ఇక్కడికి దగ్గర్లోని మెకిన్నీలో ఒక పెద్దాయన దగ్గర 2021 టండ్రా ఉంది, 61 వేల మైళ్లు. ఆయిల్ మార్చిన రసీదులన్నీ ఒక కవరులో పెట్టి ఉంచాడు. బండి గుర్తింపు సంఖ్య, అదే విన్ నంబరు పెట్టి చూశాను, చేయించాల్సిన రీకాల్ ఏదీ మిగల్లేదు. మార్చి 14 శనివారం పొద్దున ఏడింటికి వస్తామని చెప్పాను. మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని కూడా చెప్పాను. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూస్తాం, తర్వాత తాళం తిప్పి మొదటి పది క్షణాలు ఏ చప్పుడొస్తుందో వింటాం. ఆ తర్వాత నాకు తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి ఎత్తించి చూపిద్దాం. పరీక్షకి రెండు వందలు అడుగుతాడు, అది నేనిస్తాను.

శుక్రవారం రాత్రికే ఫ్లైటు తీసుకో, ఎయిర్‌పోర్టుకి నేనొస్తా. చెల్లెమ్మని, పిల్లల్ని అడిగానని చెప్పు. మీ అమ్మగారు పంపిన ఎర్ర గోంగూర విత్తనాలు ఉంటే నాక్కూడా ఒక గుప్పెడు పట్టుకురా.

నీ
రవి