ఆదివారం పుస్తకాల మార్పిడి: ఏం తేవాలంటే

అందరికీ నమస్కారం. ఆదివారం మార్పిడికి ఏం తేవాలని చాలామంది అడుగుతున్నారు. ఆరేళ్లలోపు పిల్లల బొమ్మల పుస్తకాలు ఏవైనా సరే. కానీ పోయినసారి వచ్చినవాటిలో సగానికి పైగా మంచు, స్ట్రాబెర్రీలు, బంగారు రంగు జుట్టు పిల్లలే. అవీ ఉండాలి, కాదనను. మన పిల్లల క్లాసుల్లో ఇంట్లో ఉర్దూ, మరాఠీ, లంబాడీ మాట్లాడేవాళ్లున్నారు. వాళ్ల వంటిల్లు, వాళ్ల అమ్మమ్మ కూడా బొమ్మల్లో కనబడాలి కదా.

ఎంచేటప్పుడు ఒక్కటి గమనించండి. బొమ్మలోని ముస్లిం పాప రంజాన్ రోజునే కనిపిస్తోందా, మామూలు రోజున కూడా తమ్ముడితో పోట్లాడుతూ, చెప్పు తెగితే ఏడుస్తూ ఉందా? వీల్‌చైర్‌లోని బాబు జాలి పడటానికే ఉన్నాడా, అల్లరిలో అతనికీ వాటా ఉందా? నన్నడిగితే రెండో రకమే తెండి. పండగకి మాత్రమే గుర్తొచ్చే మనిషిని పిల్లలు స్నేహితుడనుకోరు.

కొత్తవి కొనక్కర్లేదు. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు, ఉర్దూతో సహా చాలా భాషల కథలు ఉచితం, ప్రింట్ తీసుకోవచ్చు. తూలిక ప్రచురణ సంస్థ పుస్తకాల్లో తెలుగు, ఇంగ్లీష్ ఒకే పేజీలో ఉన్నవి దొరుకుతాయి. కాస్త పెద్ద పిల్లలుంటే, మన హైదరాబాద్‌లోని అన్వేషి సంస్థ 2008 ప్రాంతంలో తెచ్చిన కథల సిరీస్ వెతకండి. దళిత, ముస్లిం ఇళ్ల పిల్లలే అందులో ముఖ్య పాత్రలు.

ఉర్దూ చదవగలిగినవాళ్లు ఎవరైనా అరగంట ముందొచ్చి ఒక కథ చదివి వినిపిస్తారా? వీలైనవాళ్లు ఇక్కడే పేరు రాయండి.