ఊబకాయ శస్త్రచికిత్సకు బీమా: కొలబద్ద మారాలి, కోలుకునే కాలమూ లెక్కలోకి రావాలి

సంపాదకుల వారికి నమస్కారాలు.

ఊబకాయం గురించి మన పత్రికల్లో వార్తలకు కొదవ లేదు. వంటనూనె వాడకాన్ని 10 శాతం తగ్గించుకోమని 2025 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి ‘మన్ కీ బాత్’ ప్రసంగంలో కోరినప్పటి నుంచి ఆ వార్తలు మరింత పెరిగాయి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అధిక బరువు లేదా ఊబకాయం ఉన్న మహిళలు దేశం మొత్తం మీద 24 శాతం ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం ఉన్నారు. అయితే ఈ కథనాలన్నీ నూనె, నడక, చిరుధాన్యాల దగ్గరే ఆగిపోతున్నాయి. ఆ దశ దాటిపోయి, వైద్యులే బరువు తగ్గించే బేరియాట్రిక్ శస్త్రచికిత్స తప్పదని చెప్పిన తర్వాత రోగి బీమా సంస్థతో పడే తంటాల గురించి గానీ, ఆపరేషన్ అయ్యాక కోలుకోవడానికి పట్టే కాలం గురించి గానీ ఎవరూ రాయడం లేదు. సొంతంగా ప్రీమియం కట్టుకుని పాలసీ నడుపుకుంటున్న ఒక ప్రైవేటు కళాశాల అధ్యాపకురాలిగా, ఆ దారిలో నడిచిన రోగిగా కొన్ని విషయాలు మీ దృష్టికి తెస్తున్నాను.

ముందుగా నిబంధన ఏమిటో చెప్పాలి. ఒకప్పుడు బరువు తగ్గించే శస్త్రచికిత్సలను మన ఆరోగ్య బీమా పాలసీలు చాలావరకు అందం కోసం చేయించుకునే వాటితో కలిపి పూర్తిగా పక్కన పెట్టేవి. బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ, అంటే ఐఆర్‌డీఏఐ, 2019 సెప్టెంబరులో మినహాయింపులను అన్ని కంపెనీలకూ ఒకే తీరుగా ఉండేలా ప్రామాణీకరించినప్పుడు, ఏ షరతులు నెరవేరితే ఈ శస్త్రచికిత్సకు బీమా వర్తించాలో కూడా రాసింది. వైద్యుడి సలహా ఉండాలి, వైద్య ప్రమాణాలు ఆ చికిత్సను సమర్థించాలి, రోగికి 18 ఏళ్లు నిండి ఉండాలి, శరీర బరువుకూ ఎత్తుకూ ఉన్న నిష్పత్తిని చెప్పే బీఎంఐ 40 గానీ అంతకు మించి గానీ ఉండాలి. 35 నుంచి 40 మధ్య ఉన్నవారికైతే ఊబకాయం వల్ల వచ్చిన గుండె కండరాల జబ్బు, గుండె రక్తనాళాల జబ్బు, నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అదుపులో లేని టైప్-2 మధుమేహం, వీటిలో ఏదో ఒకటి ఉండాలి. శస్త్రచికిత్స కాని పద్ధతులు విఫలమై కూడా ఉండాలి. ఈ నిబంధన రావడం మంచిదే. అది లేకపోతే నాలాంటివాళ్లకు అడిగే హక్కే ఉండేది కాదు. అయినా అందులోని అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో చూస్తే చిక్కు అర్థమవుతుంది.

40 లేదా జబ్బులుంటే 35 అనే గీత 1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ నిర్వహించిన నిపుణుల సదస్సు గీసినది. అప్పట్లో ఈ శస్త్రచికిత్సలు పొట్టను బాగా కోసి చేసేవారు కాబట్టి ప్రమాదం ఎక్కువగా ఉండేది. పైగా గీసినది అమెరికన్ల శరీరాలను చూసి. మనవాళ్లకు అంతకన్నా తక్కువ బరువులోనే, ముఖ్యంగా పొట్ట చుట్టూ చేరే కొవ్వు వల్ల, మధుమేహమూ గుండె జబ్బులూ వస్తాయన్నది ఇవాళ ఏ వైద్యుడూ కాదనని సంగతి. అందుకే భారతీయులకు బీఎంఐ 25 దాటితే చాలు ఊబకాయంగా లెక్కిస్తున్నారు. బేరియాట్రిక్ వైద్యుల అంతర్జాతీయ సమాఖ్య, అమెరికా వైద్యుల సంఘం కలిసి 2022లో ఆ పాత గీతను చెరిపేసి, 35 దాటిన వారికి ఇతర జబ్బులు ఉన్నా లేకపోయినా, 30 దాటిన వారికి మధుమేహం వంటి జీవక్రియ సంబంధ జబ్బులుంటే శస్త్రచికిత్స సూచించవచ్చని ప్రకటించాయి. ఆసియావాసుల విషయంలో 27.5 నుంచే ఆలోచించవచ్చని విడిగా చెప్పాయి. నా ఎత్తు 156 సెంటీమీటర్లు. ఈ ఎత్తు మనిషికి బీఎంఐ 40 కావాలంటే 97 కిలోలు ఉండాలి, 35కు 85 కిలోలు, 30కి 73 కిలోలు. మోకాళ్లు అరిగి, ఇన్సులిన్ మోతాదు ఏటేటా పెరుగుతూ 80 కిలోల దగ్గర ఉన్న మహిళకు మన బీమా నిబంధన చెబుతున్నదేమిటంటే, ఇంకో ఐదారు కిలోలు పెరిగి రమ్మని.

నా విషయంలో జరిగింది చెబితే ఈ అంకెల పట్టింపు ఎంతదాకా పోతుందో తెలుస్తుంది. సర్జన్ మొదటిసారి చూసినప్పుడు నా బరువు 86 కిలోలు, బీఎంఐ 35.3. మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ 9 దాటి ఉంది. కాగితం మీద అన్ని షరతులూ నెరవేరినట్టే. అయితే అంతకుముందు నన్ను చూస్తున్న డాక్టరు గారి క్లినిక్‌లో, రద్దీలో చెప్పులు విప్పించకుండానే గోడకున్న స్కేలు దగ్గర నిలబెట్టి నా ఎత్తు 158గా రాశారు. ఆ రెండు సెంటీమీటర్లతో బీఎంఐ 34.4కు దిగిపోతుంది. ఏది నిజమో తేల్చమని బీమా సంస్థ నుంచి ఆసుపత్రిలో బీమా వ్యవహారాలు చూసే టీపీఏ డెస్కుకు క్వెరీ వచ్చింది. ఆసుపత్రివారు మళ్లీ కొలిచి, సంతకం పెట్టి పంపారు. ఈలోగా, ఆపరేషన్‌కు ముందు కాలేయం కాస్త కుంచించుకుంటే లోపల పని చేయడం సులువవుతుందని సర్జన్లు పెట్టించే రెండు వారాల తక్కువ పిండిపదార్థాల ఆహారాన్ని నేను నియమం తప్పకుండా పాటించాను. చేరిన రోజు తూకంలో 84 కిలోలు వచ్చింది, అంటే 34.5. వైద్యుడు చెప్పినట్టు విన్నందుకు నేను అర్హత గీతకు అరమార్కు కిందికి జారిపోయాను. బీమా సంస్థే నేరుగా ఆసుపత్రికి బిల్లు కట్టే క్యాష్‌లెస్ సదుపాయాన్ని నిరాకరించారు. నగలు కుదువపెట్టి బిల్లు కట్టాం. తర్వాత సర్జన్ రాసిచ్చిన వివరణతో కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి ఫిర్యాదు చేశాక కట్టిన డబ్బు రీయింబర్స్‌మెంట్‌గా తిరిగి వచ్చింది, కొంత కోతతో.

అర్హత బరువును ఏ రోజున కొలవాలి అన్న చిన్న ప్రశ్నకు ఆ నిబంధనలో జవాబు లేదు. శస్త్రచికిత్స సూచించిన రోజునాటి కొలతే ప్రామాణికమని ఒక్క వాక్యం చేర్చితే ఈ తగాదా ఉండదు. అలాగే ‘అదుపులో లేని’ మధుమేహం అన్న షరతు మరో వింత. రోజుకు నాలుగుసార్లు ఇన్సులిన్ పొడుచుకుని, నోరు కట్టుకుని హెచ్‌బీఏ1సీని ఎలాగోలా 7 దగ్గర నిలబెట్టుకున్న రోగి అనర్హుడవుతాడు, మందులు మానేసినవాడు అర్హుడవుతాడు. కొవ్వు పట్టి గట్టిపడుతున్న కాలేయానికి, నాలుగు రకాల మాత్రలకు లొంగని రక్తపోటుకు ఆ నాలుగు జబ్బుల జాబితాలో చోటే లేదు.

ఇక శస్త్రచికిత్స కాని పద్ధతులు విఫలమైనట్టు రుజువు చూపాలన్న షరతు. న్యాయంగా చూస్తే ఇది ఉండవలసినదే, కత్తి చివరి మార్గం కావాలి. కానీ మన ఇళ్లల్లో బరువు తగ్గించుకునే ప్రయత్నాలకు కాగితాలు ఎక్కడుంటాయి? పొద్దున నడక, రాత్రి పుల్కాలు, యోగా తరగతి, ఎవరో చెప్పిన కషాయం, వీటికి రసీదులు ఉండవు. కాబట్టి ఈ లేఖ చదువుతున్నవారిలో ఎవరికైనా ఆ అవసరం రావచ్చనిపిస్తే, ఇప్పటి నుంచే ప్రతి వైద్యుడి దగ్గరా ఎత్తు, బరువు, తేదీ చీటీ మీద రాయించుకోవాలి. డైటీషియన్ ఇచ్చిన ఆహార పట్టిక, వాడిన మందుల చీటీలు, రక్త పరీక్షల నివేదికలు, నిద్ర పరీక్ష చేయించుకుని ఉంటే అదీ ఒక ఫైలులో వరుసగా పెట్టుకోవాలి. పలు పాలసీల్లో ఈ శస్త్రచికిత్సకు రెండు మూడేళ్ల నిరీక్షణ కాలం ఉంటుంది కనుక అది ఎప్పుడు ముగుస్తుందో పాలసీ పత్రంలో చూసుకోవాలి. పాలసీ తీసుకునేటప్పుడు ఉన్న మధుమేహాన్ని ఏజెంటు మాట విని దాచిపెడితే ఇక్కడే బయటపడుతుంది.

అనుమతి వచ్చిందనుకుందాం. అప్పటి నుంచి మొదలయ్యే భాగం గురించి బీమా సంస్థలకు పట్టదు, బంధువులకు తెలియదు. మన దగ్గర ఎక్కువగా చేసే స్లీవ్ గ్యాస్ట్రెక్టమీలో జీర్ణాశయంలో ముప్పావు వంతుకు పైగా స్టేప్లర్‌తో కత్తిరించి తీసేస్తారు. మిగిలేది అరటిపండంత సన్నని గొట్టం. కీహోల్ పద్ధతి కాబట్టి పైకి కనిపించే గాట్లు చిన్నవే, రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపేస్తారు. కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టకుండా ఆపరేషన్ రోజు సాయంత్రమే లేపి నడిపిస్తారు. అది చూసి ఇంట్లోవాళ్లు అంతా అయిపోయిందనుకుంటారు.

నాకు బాగా గుర్తున్నది సిరప్ సీసా మీద ఉండే ప్లాస్టిక్ మూత. అందులో 30 మిల్లీలీటర్ల గీత వరకు నీళ్లు పోసుకుని, పావుగంట పాటు చప్పరిస్తూ తాగాలి. దాహమేసి గుటక వేశామా, రొమ్ము ఎముక వెనక రాయి పడ్డట్టు నొప్పి. తొలి రెండు వారాలు పల్చని మజ్జిగ, వడగట్టిన పప్పుకట్టు, కొబ్బరినీళ్లు. తర్వాత రెండు వారాలు మిక్సీలో తిప్పిన పప్పు, పెరుగు, మెత్తగా చిదిపిన గుడ్డు. ఆరు వారాలయ్యాక గానీ మామూలు తిండి మొదలుకాదు. అప్పుడు కూడా తింటూ నీళ్లు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. అన్నం మొదట తినే మనకు అన్నింటికన్నా కష్టమైన నియమం ఏమిటంటే, ఉన్న కాస్త చోటునూ ముందు మాంసకృత్తులకు ఇవ్వాలి. రోజుకు కనీసం 60 గ్రాములు కావాలి. ఉడికించిన గుడ్డు ఒకదానిలో ఉండేది సుమారు 6 గ్రాములే. కాబట్టి చాలా నెలలు ప్రొటీన్ పొడి కొనక తప్పదు, దాని ఖర్చు సాధారణంగా పాలసీలో రాదు. మూడో నెల నుంచి ఆరో నెల దాకా దువ్వెన నిండా జుట్టు ఊడివస్తుంది. అది తర్వాత మళ్లీ వస్తుందని ముందే చెప్పేవారు ఉంటే సగం దిగులు తగ్గుతుంది. చూడవచ్చినవాళ్లు మాత్రం ‘ఇంతేనా తినడం, ఎలా బతుకుతావమ్మా’ అంటూ ఇంకో ముద్ద కలుపుతూనే ఉంటారు.

ఇవి అసౌకర్యాలు. అసలు జాగ్రత్తలు వేరు. తొలి వారాల్లో జ్వరం, తగ్గని కడుపునొప్పి, నాడి నిమిషానికి 120 దాటడం కనిపిస్తే కుట్టు దగ్గర లీకేమోనని వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. వాంతులు రోజుల తరబడి ఆగకపోతే విటమిన్ బి1 అడుగంటి మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. మధుమేహం మందులు ఒక్కసారిగా ఎక్కువైపోతాయి కనుక చక్కెర పడిపోకుండా మోతాదు తగ్గించాలి. పెళ్లయిన అమ్మాయిలు ఏడాది, ఏడాదిన్నర వరకు గర్భం దాల్చకూడదు. బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం వాడుకోవాలి. మూడు, ఆరు, పన్నెండు నెలలకూ, ఆ తర్వాత ఏటా రక్త పరీక్షలు చేయించుకోవాలి.

ఇక్కడే బీమా లెక్క నాకు అర్థం కాదు. డిశ్చార్జి తర్వాత ఖర్చులు సాధారణంగా 60 లేదా 90 రోజుల వరకే ఇస్తారు. లక్షల రూపాయల శస్త్రచికిత్సకు డబ్బిచ్చి, అది నిలబడటానికి ఏటా కావలసిన కొన్ని వేల రూపాయల పరీక్షలకు ఇవ్వరు. ఖర్చుకు జడిసి మందులు మానేసినవారు ఏడాది రెండేళ్లకు రక్తహీనతతోనో, కాళ్ల తిమ్మిర్లతోనో ఆసుపత్రిలో చేరితే ఆ బిల్లు మళ్లీ బీమా సంస్థకే వస్తుంది. వ్యాపారపు లెక్కన చూసినా ఇది నష్టమే.

రేపటి నుంచే గీతను 27.5కు దించమని నేను అడగడం లేదు. అలా చేస్తే అందరి ప్రీమియంలూ పెరుగుతాయని, అవసరం లేనివారికి కూడా ఆపరేషన్లు అంటగట్టే ఆసుపత్రులు పుట్టుకొస్తాయని నాకూ భయమే. కానీ మధుమేహం ఉన్నవారికి 30, మిగతావారికి 35 అన్నది ఇవాళ్టి వైద్యానికి దగ్గరగా ఉంటుంది. సూచించిన నాటి బరువునే లెక్కించడం, కాలేయ జబ్బును జాబితాలో చేర్చడం, కనీసం రెండేళ్ల పరీక్షలనూ డైటీషియన్ సలహానూ ఈ చికిత్సలో భాగంగా గుర్తించడం, ఇవేవీ గొంతెమ్మ కోరికలు కావు.

అప్పటివరకు నిరాకరణ లేఖ అందుకున్నవారు దాన్ని తుది తీర్పు అనుకోవద్దు. 2024 మే నెలలో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ అభ్యర్థనపై గంటలోగా నిర్ణయం చెప్పాలి. కంపెనీలోని సమీక్ష కమిటీ ఆమోదం లేకుండా క్లెయిమ్ తిరస్కరించకూడదు, ఏ షరతు కింద తిరస్కరించారో స్పష్టంగా రాయాలి. ముందు కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. అక్కడ కాదన్నా, 30 రోజుల్లో జవాబు రాకపోయినా ఏడాదిలోగా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల రూపాయల వరకు వివాదాలు వింటారు.

ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం మన హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోనే ఉంది. 2019 నాటి ఈ షరతులను వైద్య సంఘాల కొత్త ప్రమాణాలతో పోల్చి సవరించే ఆలోచన ఉందా, ఉంటే ఎప్పటిలోగా అని మీ విలేకరి వారిని అడిగి, ఇచ్చిన సమాధానాన్ని ఇదే పేజీలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక అధ్యాపకురాలు,
రాజమహేంద్రవరం