డిగ్రీ చదివితే జవాను వెళ్లిపోతాడా?

సంపాదకులకు నమస్కారం.

మా చిత్తూరు వైపు ఇంటర్ కాగానే సైన్యంలో చేరే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. ఇంట్లో పెద్దవాళ్ల బెంగ ఒకటే, చదువు ఆగిపోతుందని. హవల్దార్‌గా రిటైరైన నాకు ఈ మాట కొత్త కాదు.

నేను దూరవిద్యలో డిగ్రీ కట్టానని తెలిసి మా సుబేదార్ సాబ్ నవ్వేవారు. ‘పట్టా చేతికొస్తే బయట ఉద్యోగం చూసుకుంటావులే’ అని. జరిగింది వేరు. పరీక్ష పాసవ్వాలనే పట్టుదల ఉండటంతో మంచుకొండల్లో పోస్టింగ్ కూడా విసుగనిపించలేదు. పైగా ఇంకో నాలుగేళ్లు ఉందామనిపించింది. సెలవు దొరక్క రెండు పేపర్లు తప్పాయి, అది వేరే సంగతి.

అయితే ఆ చదువుకు సైన్యం లోపల విలువ కనిపించాలి. డెహ్రాడూన్‌లోని ఆర్మీ క్యాడెట్ కాలేజీ ద్వారా మామూలు సిపాయి కూడా ఆఫీసర్ కావచ్చు. ఈ సంగతి తెలిసినవాడు పుస్తకం వదలడు. మా యూనిట్‌లో తెలిసినవాళ్లే తక్కువ!

2022లో వచ్చిన అగ్నిపథ్ నియామక పథకంలో చేరినవాళ్లను అగ్నివీరులంటారు; వాళ్లలో నాలుగేళ్ల తర్వాత 25 శాతం మంది వరకే సైన్యంలో కొనసాగుతారు. వీళ్ల కోసం ఇగ్నో (ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం) మూడేళ్ల డిగ్రీ ప్రకటించింది. అందులో సగం క్రెడిట్లు సర్వీసులో నేర్చుకున్న నైపుణ్యాలకే. మంచిదే. కానీ వెళ్లిపోయేవాడికి డిగ్రీ, ఉండేవాడికి డ్యూటీ అన్నట్టు కాకూడదు.

తిరుపతిలో ఇన్ని యూనివర్సిటీలున్నాయి. సెలవుపై వచ్చిన జవాను రాసుకునేలా పరీక్ష తేదీల్లో కాస్త వెసులుబాటు ఇవ్వలేరా?

– ఒక మాజీ హవల్దార్, చిత్తూరు