లంచం వార్తలో రెండో సగం కూడా వేయండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. చేయి తడపనిదే ఫైలు కదలదు, కింది నుంచి పై దాకా అందరూ తినేవాళ్లే. అవినీతి వ్యతిరేక ప్రచారాల్లోనూ పత్రికల శీర్షికల్లోనూ తరచూ కనిపించే మాట ఇది. జనంలో కదలిక తేవాలన్న సదుద్దేశంతోనే అలా రాస్తారు, అందులో నాకు సందేహం లేదు. అయితే ఆ మాట లంచాన్ని తగ్గించకపోగా, ఇవ్వడానికి తటపటాయించేవాణ్ని కూడా ఇచ్చేలా చేయవచ్చు.

నైజీరియాలోని లాగోస్ నగరంలో నిక్ చీజ్‌మన్, కారిన్ పైఫర్ అనే పరిశోధకులు సుమారు 2,400 మందితో చేసిన అధ్యయనం 2022లో అచ్చయింది. కొందరికి అవినీతికి వ్యతిరేకంగా రాసిన రకరకాల సందేశాలు అందించి, ఆ తర్వాత నిజం డబ్బు గెలుచుకునే ఒక ఆట ఆడించారు. ఆటలో లంచం ఇవ్వాలో వద్దో ఎవరికి వారే తేల్చుకోవాలి. ఆ సందేశాలు చాలావరకు ఎవరినీ ఆపలేకపోయాయి. కొన్ని సందర్భాల్లో ఇంకా తేలిగ్గా లంచమిచ్చేలా చేశాయి. అవినీతి ఎంతగా వ్యాపించిందని మనిషి ముందే నమ్ముతున్నాడో దాన్నిబట్టి సందేశం పనిచేసే తీరు మారిందని కూడా తేలింది.

ఇలా ఎందుకవుతుందో అర్థం చేసుకోవడానికి క్రిస్టినా బికియేరి అనే తత్వవేత్త చేసిన విభజన పనికొస్తుంది. పదిమందీ పాటించే తీరు రెండు అంచనాల మీద నిలబడుతుందంటారామె. మిగతావాళ్లు ఏం చేస్తున్నారన్నది మొదటిది, నేను ఏం చేస్తే వాళ్లు సరే అంటారన్నది రెండోది. కౌంటర్ ముందు నిలబడిన మనిషికి లంచం తప్పని తెలియక కాదు ఇచ్చేది. ముందున్నవాళ్లంతా ఇచ్చే ఉంటారు, నేనొక్కణ్నే ఇవ్వకపోతే నా కాగితమే మూలన పడుతుందన్న లెక్కతో ఇస్తాడు. బల్లకు అవతల కూర్చున్న ఉద్యోగిదీ దాదాపు అదే లెక్క. అలాంటి మనిషికి ‘లంచం మహాపాపం’ అని గోడ మీద రాసి చూపిస్తే కొత్తగా తెలిసేదేమీ ఉండదు. ఊరంతా ఇస్తోందని చెబితే మాత్రం అతని లెక్క మరింత గట్టిపడుతుంది.

దక్షిణాఫ్రికాలో నిల్స్ కోబిస్ అనే పరిశోధకుడి బృందం దీన్ని తిరగేసి చూసింది. ఈమధ్య లంచాలిచ్చేవాళ్లు తగ్గుతున్నారని చెప్పే పోస్టర్లు ఒక పట్టణంలో అతికించారు. వాటి ప్రభావాన్ని లంచం ఆటతో పరీక్షిస్తే, పోస్టర్లున్న రోజుల్లో ఇచ్చేవాళ్లు తక్కువమందేనన్న భావన పెరిగింది, ఆటలో లంచాలూ తగ్గాయి. ఇదేదో మంత్రమని నేననను. నిజంగానే అందరూ ఇచ్చే చోట ‘ఎవరూ ఇవ్వడం లేదు’ అని రాస్తే అది అబద్ధం, రెండో రోజుకే జనం కనిపెడతారు. ఆ పైన నిజం చెప్పినా నమ్మరు.

అంకెలు ఎలా చెబుతున్నామన్నది కూడా చూడండి. అవినీతికి వ్యతిరేకంగా పనిచేసే అంతర్జాతీయ సంస్థ ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ 2017లో విడుదల చేసిన ప్రపంచవ్యాప్త సర్వేలో, ప్రభుత్వ సేవల కోసం వెళ్లినవారిలో దాదాపు నలుగురిలో ఒకరు గడిచిన ఏడాదిలో లంచం ఇచ్చామన్నారు. అది దారుణమైన సంఖ్యే, పెద్దక్షరాల్లో వేయాల్సిందే. అయితే మిగతా ముగ్గురు ఇచ్చామని చెప్పలేదు కదా! వాళ్ల సంగతి శీర్షికకు ఎక్కదు. దేశాన్నిబట్టి ఈ లెక్క బాగా మారుతుంది కాబట్టి ఎక్కడి లెక్క అక్కడే చెప్పాలి.

ఇదంతా శిక్షలకు ప్రత్యామ్నాయం అనుకోకూడదు. న్యూయార్క్‌లో విదేశీ దౌత్యవేత్తలు, తమకున్న దౌత్య రక్షణ అండతో, 1997 నుంచి 2002 దాకా కట్టకుండా వదిలేసిన పార్కింగ్ చలానాలు లక్షన్నరకు పైనే. స్వదేశంలో అవినీతి ఎక్కువగా ఉన్న దేశాలవారివే అందులో ఎక్కువ అని రేమండ్ ఫిస్మన్, ఎడ్వర్డ్ మిగెల్ అనే ఆర్థికవేత్తలు తేల్చారు. సొంత ఊరి అలవాటు పరాయి నగరానికి కూడా వెంట వెళ్లిందన్నమాట. 2002 అక్టోబరులో చలానాలు కట్టనివారి కార్లకు దౌత్య నంబరు ప్లేట్లు తీసేసే అధికారం నగరానికి రాగానే ఆ ఉల్లంఘనలు దాదాపు 98 శాతం పడిపోయాయి. ‘మన జనం బుద్ధే అంత’ అని పెదవి విరిచేవాళ్లు ఈ రెండు ముక్కలూ కలిపి చదవాలని నా కోరిక.

అందుకే మీకు నా విన్నపం. కుంభకోణాల వార్తలు ఒక్కటి కూడా తగ్గించవద్దు. సర్వే వార్త వేసేటప్పుడు లంచం ఇచ్చినవారి సంఖ్య పక్కనే ఇవ్వనివారి సంఖ్యనూ అదే సైజు అక్షరాల్లో వేయండి. లంచం తీసుకుంటూ దొరికిపోయిన అధికారి ఫొటో వేశాక, ఏడాదికో రెండేళ్లకో ఆ కేసు ఎక్కడిదాకా వచ్చిందో రాయండి. అడిగినా ఇవ్వకుండా పని చేయించుకున్న పాఠకులు, ఎవరికి ఫిర్యాదు చేశారో, ఎన్ని రోజులు పట్టిందో చెప్పుకోవడానికి వారానికొకసారి కాస్త చోటు కేటాయించండి.

ఇట్లు,
మీ పాఠకుడు